ప్రతి బటనూ వెల్‌కమ్ అంది

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యానండీ, అన్ని పేపర్లూ! పొద్దున ఇంటర్నెట్ సెంటర్లో నంబరు కొట్టి చూసుకున్నాను. నమ్మకం కుదరక పక్క సిస్టమ్ మీద మళ్ళీ కొట్టాను. అక్కడా పాసే. నాన్న వైపూ, అమ్మ వైపూ కలిపి చూసినా కాలేజీ పుస్తకం పట్టుకున్నది నేనొక్కదాన్నే. పరిగెత్తుకుంటూ అమ్మ చేపలమ్మే మార్కెట్‌కి వెళ్ళాను. అమ్మ చేతులు కడుక్కోకుండానే నా మొహం పట్టుకుంది.

"మన కొల్లేరోళ్ళల్లో డిగ్రీ అంటే నువ్వేనే!" అని వరసలో ఉన్న గంపలన్నిటికీ వినపడేలా అరిచింది.

బేరమాడుతున్న ఒకాయన, "అయితే ఇవాళ కొరమేను రేటు తగ్గించమ్మా మరి," అన్నాడు.

"పాసైంది పిల్లండీ, చేప కాదు," అంది అమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఆ గొంతు వినపడింది.

దాని గురించే మీకు చెప్పాలని కూర్చున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. ఇన్నేళ్ళుగా ఒక గొంతు నాతోపాటు తిరుగుతోంది. మనిషి గొంతు కాదు, కంప్యూటర్ గొంతు. కోపం లేదు, దుఃఖం లేదు. ఒకే ఇంగ్లీషు మాట. వెల్‌కమ్. వెల్‌కమ్. వెల్‌కమ్. బట్టల షాపు గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద ఆ మాట కనపడితే దాన్ని తొక్కకుండా పక్కనుంచి వెళ్తాను. నవ్వకండి.

ఇంటర్ అవగానే గవర్నరుపేటలో వెబ్‌సైట్లు తయారు చేసే చిన్న ఆఫీసులో చేరాను. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో బీకాం కట్టాను. అప్పట్లో మన బెజవాడ షాపుల వాళ్ళకి వెబ్‌సైటంటే ఇంకో సైన్‌బోర్డు. మెరవాలి, తిరగాలి, ఓనరుగారి ఫోటో పెద్దగా ఉండాలి. అందుకని బటన్ల మీది అక్షరాలను కూడా బొమ్మలుగా గీసి అతికించేవాళ్ళం. చూపు లేనివాళ్ళు కంప్యూటర్ వాడతారన్న సంగతే నాకు తెలియదు.

ఒక ట్రావెల్స్ ఓనరుగారు వచ్చి, బస్సు టిక్కెట్లు బుక్ చేసుకునే సైటు కావాలన్నారు. దాంతోపాటు ఇంకొకటి అడిగారు. ఆయన వెళ్ళే చర్చి పాస్టర్ గారు గన్నవరంలో దానియేలు అనే అతని గురించి చెప్పారట. పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని సాయంతో హైదరాబాదులో కంప్యూటర్ నేర్చుకుని వచ్చారు. "ఆ అబ్బాయికి వినపడేటట్టు సైటు చెయ్యండి. మా ఫోన్ బుకింగు సీట్లో అతన్నే కూర్చోబెడతాను," అన్నారు ఓనరుగారు.

మా ఆఫీసు సార్ ఆ పని నాకిచ్చారు. కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మలను చదవలేదు. ప్రతి బొమ్మ వెనకా, తెర మీద కనపడకుండా, అదేమిటో ఒక పేరు రాసిపెడితే ఆ పేరు చదువుతుంది. టిక్కెట్ బటన్ వెనక టిక్కెట్ అని. తేదీ బటన్ వెనక తేదీ అని. బస్సులో ప్రతి సీటూ ఒక బొమ్మే. అది కిటికీ పక్కదా, లేడీస్ సీటా, ఖాళీయా, అన్నీ రాయాలి.

అప్పుడే నాకు అకౌంట్స్ పరీక్ష దగ్గరపడింది. కీబోర్డు కింది సొరుగులో పుస్తకం తెరిచి పెట్టుకుని, పని చేస్తున్నట్టు తల వంచుకుని చదువుకునేదాన్ని. మొదటి బొమ్మ వెనక వెల్‌కమ్ అని రాశాను. దాన్నే కాపీ చేసి మిగతా బొమ్మలన్నిటి వెనకా అతికించాను. తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. అనుకున్నానా? లేక అనుకున్నానని ఇప్పుడు మీకు చెబుతున్నానా? కంటికి కనపడని పని, ఎవరు చూస్తారు అనుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

మా సార్ సాఫ్ట్‌వేర్ తెప్పించి, స్పీకర్లు పెట్టి, ఒక బటన్ మీదికి వెళ్ళారు. వెల్‌కమ్ అంది. "ఓరి దీని అసాధ్యం కూలా, మాట్లాడుతోందే!" అని కింద జెరాక్స్ షాపు వాళ్ళని కూడా పిలిచి వినిపించారు. కంప్యూటర్ మాట్లాడటమే మా అందరికీ వింత. రెండో బటన్ ఏమంటుందో ఎవరూ చూడలేదు. అయిపోయినట్టేనా అని సార్ అడిగితే అయిపోయిందండీ అన్నాను.

సైటు వాడి చూపించే రోజున దానియేలు గారు మా ఆఫీసులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకంటే కొంచెం పెద్ద, అంతే. ఒక పక్క ఓనరుగారు, ఒక పక్క మా సార్. విజయవాడ నుంచి వైజాగ్‌కి ఒక టిక్కెట్ బుక్ చెయ్యమన్నారు. ఆయన వేళ్ళు కీబోర్డు మీద నా వేళ్ళకంటే వేగంగా కదిలాయి. వెల్‌కమ్. ఇంకోటి నొక్కారు. వెల్‌కమ్. ఇంకోటి. వెల్‌కమ్. మొదట చిన్నగా నవ్వారు. తర్వాత నవ్వు పోయింది. వెనక్కి వెళ్ళి మొదటినుంచి వచ్చారు. మెడ మీద చెమట పట్టడం నేను చూశాను. గదిలో ఆ ఒక్క మాటే, ఎవరో తలుపు దగ్గర నిలబడి లోపలికి రానివ్వకుండా రండి రండి అంటున్నట్టు.

"ఏమయ్యా, కంప్యూటర్ బాగా వచ్చన్నారే పాస్టర్ గారు?" అన్నారు ఓనరుగారు.

"వచ్చండీ. కానీ ఇక్కడ అన్నీ ఒకటే చెబుతున్నాయండీ."

మా సార్ నావైపు చూశారు. అప్పుడు నేను చెప్పి ఉంటే? ఒక తిట్టు, ఒక సాయంత్రం పని. అంతేగా? ఉద్యోగం పోతే చదువు పోతుందని భయపడ్డాను అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. అంతమందిలో సిగ్గుపడటం ఇష్టం లేకపోయింది. అక్కడ ఎవరో ఒకరు సిగ్గుపడక తప్పదు. అది ఆయన కావచ్చులే అనుకున్నాను.

"సైటు కరెక్టుగానే ఉంది సార్. ఆయన ఒకే బటన్ మీదికి మళ్ళీ మళ్ళీ వెళ్తున్నట్టున్నారు, అలవాటు లేదేమో," అన్నాను.

కింద రోడ్డు దాకా ఆయన్ని దిగబెట్టమని సార్ నన్నే పంపారు. ఆయన నా మోచేయి పట్టుకున్నారు. మెట్లు సగం దిగాక ఆగారు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. బొమ్మలకి పేర్లు పెట్టారా?"

"పెట్టానండీ."

"అన్నిటికీ?"

"అన్నిటికీనండీ."

మడిచిన చేతికర్ర విప్పుకున్నారు. "అయితే నాదే పొరపాటయ్యుంటుంది. సార్‌తో చెప్పండి, ఇంకొక్కసారి చూడనిస్తే నేర్చుకుని వస్తానని."

చెప్తానండీ అన్నాను. చెప్పలేదు. ఆయన నన్ను నమ్మారా? నమ్మకుండానే నాకొక దారి వదిలారా? ఇదే నన్ను తినేస్తోంది. నమ్మి ఉంటే, తనకు వచ్చిన విద్యనే ఆయన అనుమానించి ఉంటారు. నమ్మకపోయి ఉంటే, నేనేమిటో తెలిసిన మనిషి ఒకరు గన్నవరంలో ఉన్నారు.

పైకి వచ్చి పుస్తకం మూసేసి, ఆ సాయంత్రమే పేర్లన్నీ రాశాను. ఒక్క సీటు వదల్లేదు. అంత శ్రద్ధగా ఆ ఆఫీసులో నేనింకే పనీ చెయ్యలేదు. మర్నాడు ఓనరుగారు వస్తే మా సార్ అన్ని బటన్లూ నొక్కి వినిపించారు. ప్రతిదీ దాని పేరు అది చెప్పింది. "చూశారుగా, సైటు బంగారంలా ఉంది. పాపం ఆ అబ్బాయికే రాలేదు," అన్నారు సార్. తప్పు దిద్దుకుంటున్నాననుకుని నేను చేసిన పనే ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. పక్కనే నిలబడి విన్నాను. ఆ ఫోన్ బుకింగు సీట్లో ఓనరుగారి మేనల్లుడు కూర్చున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత సైటు చేయించుకోవడానికి వచ్చిన పార్టీ ఎవరైనా చూపు లేనివాళ్ళ మాట ఎత్తితే మా సార్ ఇదే కథ చెప్పేవారు. "ఒకసారి చేసి చూశామండీ. వాళ్ళు వాడలేరు, మీకు దండగ." హోటళ్ళు, ఆసుపత్రులు, కాలేజీలు, అందరూ సరేనన్నారు. ఆ సైట్లన్నీ నేనే చేశాను. ఒక్క బొమ్మకీ పేరు పెట్టలేదు. ఎన్ని తలుపులు మూశానో నాకు తెలియదు.

ఒకసారి సిటీ బస్సులో నా ముందు సీట్లో ఆయన్ని చూశాను. నేను కదలకుండా ఉంటే ఆయనకు తెలియదు. నోరు తెరిస్తే తెలిసిపోతుంది. నా గొంతు మరిచిపోయి ఉంటారా? కండక్టర్ "టికెట్, టికెట్" అంటూ దగ్గరికొస్తున్నాడు. ఎక్కడికో చెప్పాలి కదా. చెప్పలేక, నా స్టాపు రాకుండానే రామవరప్పాడులో దిగిపోయాను. ఎండలో నిలబడి ఆ బస్సు వెళ్ళిపోయేదాకా చూశాను.

అప్పటి ఆ అకౌంట్స్ పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చాయి. పొద్దున అన్నేళ్ళ మార్కులూ కలిపి వచ్చిన తెర మీద అన్నిటికంటే ముందు కనపడ్డవి అవే. అమ్మ నా మొహం పట్టుకుని అరుస్తుంటే, ఆ మార్కులు ఎవరి సీటు తీసుకుని సంపాదించానో చెప్పెయ్యాలనిపించింది. చెప్పలేదు. మీకు చెప్పాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ రాస్తూ రాస్తూ ఉంటే ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది.

ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఇంకా చాలామందికి చెయ్యాలి. కైకలూరులో పెదనాన్న, ఆయన ఏడుస్తాడు. హనుమాన్ జంక్షన్‌లో చెల్లి, స్వీట్లెక్కడే అంటుంది. డబ్బు తీసుకోకుండా అకౌంట్స్ చెప్పిన మా పక్కింటి మేడమ్ గారు. మా సార్, ఆయనకి పాసైన సంగతీ చెప్పాలి, అసలు సంగతీ చెప్పాలి. తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో. ట్రావెల్స్ ఓనరుగారు. పాస్టర్ గారు, నంబరు కోసం. దానియేలు గారు. ఆయనకి పాసయ్యానని చెప్పను.