రెండు గింజల పల్లికాయ

ఇబ్రహీంపట్నం బస్టాండులో బండి మీద పల్లికాయలు వేయిస్తుంటే, ఆ వాసనకి ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. మనవరాలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. నాకు ఇంగ్లీషు ఆ వాసనతోనే వచ్చింది.

నేర్పింది మా వీధి చివరింటి కరీం సారు. ఆయన వాకిలే బడి. చాప మీద రెండు పల్లికాయలు విడివిడిగా పెట్టి, ఇద్దరు కర్తలు 'అండ్'తో కలిస్తే వెనక 'ఆర్' రావాలనేవారు. తర్వాత రెండు గింజలున్న ఒక్క కాయ నా చేతిలో పెట్టేవారు. గింజలు రెండైనా కాయ ఒకటే కదా, అలాంటి జంటకి 'ఈజ్' చాలు. పుస్తకంలో ఉదాహరణ బ్రెడ్డూ బటరూ. "బటర్ మనకేడిది బిడ్డా, రొట్టె, మామిడి తొక్కు అనుకో," అనేవారు. పాఠం అయ్యాక కాయలన్నీ నావే. వ్యాకరణం మీద నాకంత ప్రేమ ఎందుకో వేరే చెప్పాలా!

రజాకార్లు ఒకసారి, నిజాం మీద పోరాడే సంఘంలో తిరిగే మా బాపు కోసం మా ఇంటి మీదికొస్తే, గడపలో నిలబడి నచ్చజెప్పి పంపింది ఆయనే. పోలీసు చర్యతో రోజులు తిరగబడ్డాయి. చుట్టుపక్కల ఊళ్లలో ముస్లింల ఇళ్ల మీద పడుతున్నారని కబుర్లు వచ్చేవి. సారు దగ్గరికి పిల్లలు రావడం మానేశారు. మా అమ్మ మాత్రం పొద్దున్నే నాకు తల దువ్వి, ఒడిలో పల్లికాయలు పోసి, నడివీధిలోంచే పొమ్మనేది. పక్క సందులోంచి పోతే తిట్లే.

"అందరికి కనవడేటట్టు సారు వాకిట్ల కూసో. బాపు వచ్చి తోల్కపోయేదాంక లేవకు," అనేది.

ఆ రోజుల్లో పాఠం ముందుకు కదిలితే ఒట్టు. అవే కాయలు, అదే 'ఆర్', అదే 'ఈజ్'. తప్పు లేకుండా చెప్పినా, జర ఇంకొకటి అనేవారు. నేనింత మొద్దునా అని ఏడుపొచ్చేది. ఒక మధ్యాహ్నం కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి వాకిలి ముందు ఆగారు. సారు పాఠం ఆపేశారు. వాళ్లలో మా ఊరివాడొకడు నన్ను గుర్తుపట్టి, గీ పిల్ల సంఘపోళ్ల బిడ్డ అని మిగతావాళ్లకి చెప్పాడు. కాసేపు నన్నే చూసి వెళ్లిపోయారు. సారు కాయ నా చేతిలో పెట్టి, ఇంకొకటి చెప్పమన్నారు. చెప్పాను.

ఊరు సద్దుమణిగాక ఉండబట్టలేక అడిగేశాను. "నాకు చదువు రాదా సారూ? ఒక్క పాఠమే ఇన్ని దినాలు చెప్పిన్రు."

"నీకు మొదటి దినమే వచ్చింది బిడ్డా. పాఠం అయిపోతే నువ్వు ఇంటికి పోతవని, భయానికి నేనే సాగదీసిన."

తర్వాత నేనూ ఇంగ్లీషు టీచరునయ్యాను. ఈ పాఠం రోజున గంట కొట్టేసినా ఇంకొకటి, ఇంకొకటి అంటూ నిలబడిపోయేదాన్ని. పిల్లలు సణిగేవాళ్లు. సణగనీ. సారు నాకు ఆ పాఠం ముగించడం నేర్పలేదు.