ముక్కుతో ఎత్తే ఫోన్

ఈ ఫోన్ అంటే నాకు పరమ అసహ్యం. డబ్బా మీద నాలుగు కెమెరాలని రాశారు; అందులో రెండు ఉత్త గాజు బొట్లు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఇది రోజూ పొద్దున పదింటికే పని మానేస్తుంది.

నేను ప్లంబర్ని. అమీర్‌పేటలో ఒక హాస్టల్ ఓనరు నాలుగు అంతస్తుల పైపులూ మార్పించాలనుకున్నాడు. నేనూ ఇంకో ప్లంబరూ వెళ్లి చూసి వచ్చాం. ఎవరికిచ్చేదీ ఫోన్ చేసి చెప్తానన్నాడు. ఆ పని దొరికితే రెండు నెలలు జనం సింకుల కింద పాకే ఖర్మ తప్పుతుంది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను పంజాగుట్టలో ఒక ఫ్లాట్‌లో సింకు కిందే ఉన్నాను. చేతులనిండా జిడ్డు, కుళ్లిన అన్నం, ఎవరివో వెంట్రుకలు. ఈ ఫోన్ తడి వేలిని వేలుగా ఒప్పుకోదు. మా పనిలో పొడి వేలు ఎక్కడిది? అందుకే ముక్కుతో ఎత్తుతాను. పొడిగా మిగిలేది అదొక్కటే, అదీ జలుబు లేని రోజుల్లో.

పక్కకి దొర్లి, నేల మీదున్న ఫోన్‌కి ముక్కు ఆనించి పచ్చ గుండ్రాన్ని జరిపాను. తెర కాసేపు ఆలోచించింది. ఆలోచించి, ఎర్రదాన్ని నొక్కినట్టు లెక్కేసుకుంది. కట్. మళ్లీ మోగింది, మళ్లీ కట్. మూడోసారి కట్టయ్యాక తెరనిండా ప్రకటన వచ్చింది. ఒంటరిగా ఉన్నారా అని ఒక ఆడగొంతు గట్టిగా అడిగింది.

ఇంటావిడ టీవీ ఆపి గుమ్మంలోకి వచ్చింది. నా ముక్కు ఇంకా ఫోన్ మీదే ఉంది.

"ఏంటి బాబూ అది?"

"ఫోనమ్మా. నాకేం తెల్వదు."

చేతులు కడుక్కుని ఓనరుకి తిరిగి చేద్దామంటే అది బిగుసుకుపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ దగ్గరే కూర్చుంది. పైపు బిగించి, బండి తీసి అమీర్‌పేట చేరేసరికి ఆ రెండో ప్లంబర్ మెట్ల దగ్గర టేపుతో కొలుస్తున్నాడు.

"మూడుసార్లు కట్ చేశారండీ. మీకు ఇష్టం లేదేమో అనుకున్నా," అన్నాడు ఓనరు.

"నేను కట్ చెయ్యలే సార్. చేతులు తడిగున్నయని ముక్కుతోని ఎత్తిన. అదే కట్టయింది."

రెండో ప్లంబర్ కొలవడం ఆపి మరీ విన్నాడు. ఓనరు నమ్మలేదు గానీ, ఏదీ చూపించమన్నాడు. అప్పటికి నా ఫోన్‌కి ప్రాణం వచ్చింది. ఆయన నాకు ఫోన్ కొట్టాడు. టిఫిన్ తింటున్న హాస్టల్ వాళ్లంతా చూస్తుండగా దాన్ని బల్ల మీద పెట్టి, వంగి, ముక్కు ఆనించాను.

దరిద్రపుది, కొన్నాక మొదటిసారి, ఒక్క తాకుకే కాల్ అందుకుంది.

"బాగానే పనిచేస్తోంది కదండీ," అన్నాడు ఓనరు. ఆ మాట ఎదురుగా ఒకసారి, బల్ల మీది నుంచి ఒకసారి వినిపించింది. రెండో ప్లంబర్ టేపు మళ్లీ లాగాడు.