జంట తారల పాఠం చెప్పిన ఏసురత్నం గారు

ఏసురత్నం గారు ఇక లేరన్న వార్త నాకు డోన్ స్టేషన్‌లో, నంద్యాల రైలు కోసం నిలుచున్నప్పుడు తెలిసింది. చెప్పినవాడు మా పూర్వ విద్యార్థి. "సారు పోయినాడు సార్, నిద్దర్లోనే" అన్నాడు. రైలెక్కాను గానీ, దారిలో ఎవరితో ఏం మాట్లాడానో జ్ఞాపకం లేదు. నంద్యాల కళాశాలలో ఏళ్ల తరబడి ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని ఆయనా నేనూ భౌతికశాస్త్రం బోధించాం.

ఆయనది గంభీర కంఠం. ఖగోళశాస్త్రం ప్రాణం. 1970లలో సెలవు రోజుల్లో చుట్టుపక్కల బడులకు బస్సులో వెళ్లి నక్షత్రాల గురించి ఉపన్యసించేవారు. "తెలీదని చెప్పేదానికి సిగ్గెందుకురా? చదువు ఆడనే మొదలైతాది" అనేవారు పిల్లలతో.

ఎనభైల ఆరంభంలో నవజాత నక్షత్రాల గురించి పత్రికల్లో కొత్త సంగతులు వచ్చాయి. సూర్యుని కన్నా ఎన్నో రెట్లు బరువైన శిశుతార చుట్టూ వాయువు పళ్లెంలా తిరుగుతూ లోనికి పడుతుందనీ, అందులో కొంత రెండు ధ్రువాల వైపునుండి ధారలుగా వెలికి చిమ్ముతుందనీ చదివి ఆయన పసివాడిలా మురిసిపోయారు. ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలలో ఆ విషయమే చెబుతానని మాట ఇచ్చారు.

అంతలో గొంతులో కణితి బయటపడింది. శస్త్రచికిత్స ప్రాణం నిలిపింది గానీ కంఠస్వరాన్ని హరించింది. కళాశాల వదిలేశారు. ఆళ్లగడ్డ వాళ్లు మళ్లీ పిలిస్తే, రానని నా ముందే చేయి అడ్డంగా ఊపారు. పక్కనే ఉన్న ఆయన సతీమణి కరుణమ్మ గారు చర్చి బడిలో తెలుగు ఉపాధ్యాయిని. ఆమె ఊరుకోలేదు.

"మీ గొంతు పోయింది గానీ నా గొంతు యాడికీ పోలేదు గదా! నాకు నేర్పీండి, నేను చెప్తా."

నెల రోజులు ఆయన రాసి చూపించారు, ఆమె నేర్చుకున్నారు. ఆళ్లగడ్డకు నేనూ వెళ్లాను. ఆమె తడబడకుండా చెబుతుండగా పిల్లలతో పాటు వినడానికి వచ్చిన ఒక రైతు వెనక వరుసలోంచి లేచాడు.

"అమ్మా, ఆ ధార నేరుగానే పోతాదా, వంకర పోతాదా?"

ఆమెకు తెలియదు. "నాకు తెలీదు నాయనా, సారునే అడుగుదాం" అన్నారు. ఏసురత్నం గారు లేచి నల్లబల్ల మీద తార పక్కనే మరో తారను గీశారు. తర్వాత కరుణమ్మ గారి చేయి పట్టుకుని, ఆమె చుట్టూ తిరుగుతూ, ఆమె వైపు ఒరిగి చూపించారు. సభంతా గొల్లున నవ్వింది. ఆమె సిగ్గుతో నవ్వుతూనే అందుకున్నారు.

"పక్కన జత ఉంటే ఆ లాగుడుకు పళ్లెం ఒరుగుతాదంట. పళ్లెం ఒరిగితే ధార గూడా దిక్కు మారుతాదంట. అంతేనాండి?"

ఆయన తలూపి, తర్వాత అరచేయి తిప్పారు. అది ఇంకా అనుమానమేనని ఆమె వివరించారు. ఆయన భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ తర్వాత ఆ దంపతులు బనగానపల్లె, కొత్తపల్లె తిరిగి ఎన్ని సభలు చేశారో! స్వరం పోయాకే ఆయన ఎక్కువ మందికి వినిపించారు.

అంతటి ఆచార్యుణ్ణి, అంతటి స్నేహశీలిని మళ్లీ చూడలేం. సమాధి దగ్గర మట్టి వేసి, కరుణమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"అన్నా, వచ్చే శనివారం డోన్ బడికి ఒప్పుకున్నాం. ప్రశ్నలడిగితే నాకు అన్నీ రావు. నువ్వు వస్తావా?"

వస్తానన్నాను.