మేనత్త వేసుకున్న కోటు

నవలక్క కొట్లో ఏ బట్టయినా కొనుక్కోవచ్చు, అది ఆవిడ నవల్లో ఎవరి ఒంటి మీదా లేకపోతే. ఉందంటే మాత్రం తలకిందులుగా తపస్సు చేసినా అమ్మదు. ఆ పాత్ర చావాలి, కనీసం బట్టలన్నా మార్చుకోవాలి.

కొట్లో ఉన్నవన్నీ పాతకాలపు కోట్లు, గౌన్లు, టోపీలు. చిరుగులు కుట్టడం, గుండీలు మార్చడం, అలిగిన గిరాకీలకు సర్దిచెప్పడం చెల్లెలి వంతు. నవలక్క ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ, ఇంకో చేత్తో నవల రాస్తుంది. పదకొండేళ్ళుగా రెండూ సాగుతున్నాయి, మధ్యమధ్య ఏదో ఒక చొక్కా మాడుతోంది.

రాత మధ్యలో గిరాకీ వస్తే వాళ్ళ మాటలు నవల్లోకి దూరేవి. ఒకసారి నాయిక డాక్టరు చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూసి, "ఇందులో ఇంకో సైజుందా?" అని అడిగేసింది. ఇంకోసారి చెల్లెలు చూసుకోకుండా మూడో అధ్యాయం కాగితాల్లో ఎవరికో గౌను చుట్టి ఇచ్చింది. మర్నాడు ఆ గౌనావిడ పరుగెత్తుకొచ్చింది.

"కాగితాలు తెచ్చారా?" అంది చెల్లెలు.

"తెచ్చాను గానీ, ఇంతకీ ఆ డాక్టరు ఆ పిల్లను చేసుకున్నాడా, లేదా?"

ఆ మాటకి పొంగిపోయిన నవలక్కను వారం రోజులు పట్టడం ఎవరి వల్లా కాలేదని చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది.

ఒక గుమాస్తాకి బూడిదరంగు కోటు నచ్చింది.

"అది డాక్టరు వేసుకున్నాడండీ," అంది నవలక్క.

"ఎప్పుడు విప్పుతాడు?"

"ఇంకా పెళ్ళే కాలేదు."

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. "పోనీ, కాస్త లావెక్కితే? గుండీలు పట్టవుగా."

నవలక్క కళ్ళు మెరిశాయి. మూడు పేజీల పాటు డాక్టరుకి విందుల మీద విందులు పెట్టింది. సాయంత్రానికి కోటు గుమాస్తా ఒంటి మీద ఉంది.

గొడవంతా ఆకుపచ్చ కోటు దగ్గర వచ్చింది. కొట్లో ఈగలు తోలుకుంటున్న రోజులవి, ఇలాగే సాగితే మూసెయ్యక తప్పదని చెల్లెలికి బెంగ. అప్పుడొచ్చాడు నాటక దర్శకుడు. "ఏడాది పొడుగునా మా నాటకాల దుస్తులన్నీ మీ దగ్గరే తీసుకుంటాను. మా నాయిక కోసం ఆ ఆకుపచ్చ కోటు మాత్రం ఇవాళే కావాలి."

"అది మేనత్త వేసుకుందండీ. ఊరెళ్ళింది," అంది నవలక్క.

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పి వెళ్ళలేదు."

దర్శకుడి మొహం ఎర్రబడింది. "ఐదింటికి వస్తాను. మేనత్తో, కోటో తేల్చండి."

ఆయన గడప దాటగానే చెల్లెలు అక్క మీద పడింది. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఆవిణ్ణి ఏ బస్సో ఎక్కించి తీసుకురావే."

"పాత్రలు మన మాట వింటాయిటే?"

"డాక్టరు విన్నాడుగా! మెక్కమంటే మెక్కాడు!"

"వాడు తిండికి ఆగలేడు. మేనత్త అలాంటిది కాదు," అని నవలక్క టీ తాగడానికి వెళ్ళిపోయింది.

ఎక్కడో ఒకచోట మేనత్త చేత కోటు విప్పిద్దామని చెల్లెలు నవల ముందేసుకుంది. మొదటి నుంచి చివరి దాకా గాలించింది. డాక్టరున్నాడు, ఆ పిల్ల ఉంది. మేనత్త లేదు. ఆకుపచ్చ కోటు అసలే లేదు. చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. టీ తాగి వస్తున్న అక్కను నాలుగు దులుపుదామని లేచేసరికి, ఆవిడ వెనకే ఇంకొకాయన లోపలికొచ్చాడు.

వీధి చివర వాచీలు బాగుచేసే పెద్దాయన. ఆర్నెల్లుగా అద్దం బయట నిలబడి చూసి వెళ్ళిపోవడమే గానీ లోపల అడుగుపెట్టింది లేదు.

"అమ్మా, మా ఆవిడ పోయిన వారానికే బట్టలన్నీ మూటకట్టి మీకిచ్చేశాను. అప్పుడు చూడలేకపోయాను, ఇప్పుడు చూడకుండా ఉండలేకపోతున్నాను. ఆ ఆకుపచ్చ కోటు... అమ్ముడుపోయే ఉంటుంది లెండి."

"ఎలా అమ్ముతామండీ, నవల్లో ఉంటేనూ?" అంది నవలక్క. "మీ అదృష్టం, మేనత్త ఇప్పుడే ఊర్నించి వచ్చేసింది."

"ఎంతివ్వమంటారు?"

"మీ కోటు ఆర్నెల్లు వాడుకున్నది మేము. ఉండండి, ఇస్త్రీ చేసిస్తాను."

పెద్దాయన కోటును రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మీ మేనత్తగారికి నా నమస్కారాలు చెప్పండి," అని వెళ్ళాడు.

చెల్లెలు నవల మూసేసింది. నవల్లో ఉన్నాయంటూ అక్క విడిగా తగిలించిన బట్టల వైపు చూసింది. పసిపిల్లాడి స్వెట్టరు, పెళ్ళికొడుకు కోటు, మొన్న ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చి వెళ్ళిన టోపీ. ఇవేవీ నవల్లో తగల్లేదు. అన్నీ ఎవరో బాధలో తొందరపడి ఇచ్చేసినవే. ఇన్నేళ్ళు పక్కనే కుట్టుకుంటూ ఈ సంగతి తట్టనందుకు ఆమెకు సిగ్గేసింది, అక్క మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఐదింటికి దర్శకుడు దిగాడు. "మేనత్త వచ్చిందా?"

"వచ్చింది, కోటుతో సహా వెళ్ళిపోయింది," అంది చెల్లెలు తడుముకోకుండా. "ఈ నీలం కోటు చూడండి. దీన్ని వేసుకున్నావిడ నిన్ననే లావెక్కింది."

దర్శకుడు మొహం గంటు పెట్టుకునే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగానే ఉంది. మిగతా దుస్తులకి రేపు వస్తానని కోటు చంకలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ వేలు చూపించాడు. "ఆ టోపీ కూడా ఇచ్చెయ్యండి."

"కుదరదండీ," అంది చెల్లెలు. "అది నాలుగో అధ్యాయంలో ఉంది."

ఇస్త్రీబల్ల దగ్గర్నించి నవలక్క తలెత్తకుండానే అంది:

"ఐదే పిచ్చిదానా. నాలుగు నిన్ననే అయిపోయింది."