జానెడు వెనక్కి

నా చిన్నప్పుడు మా పేటలో సినిమా పిచ్చి లేని ఇల్లు లేదు గానీ, ఆ పిచ్చికి కొడుకుని పోగొట్టుకున్న ఇల్లు మాత్రం ఒక్కటే. అది మా పక్కింటి అక్క వాళ్ళది. రాజమండ్రికి కాస్త దిగువన, గోదారి ఒడ్డున, చేపల వేట మీద బతికే పేట మాది. అక్క వాళ్ళన్నయ్య వేటకి వెళ్ళమంటే సినిమా హాలుకి వెళ్ళేవాడు. ఓరోజు వాళ్ళ నాన్న చెయ్యి చేసుకున్నాడు. ఆ సాయంత్రమే అతను ఇల్లొదిలి పోయాడు. మద్రాసన్నారు, బొంబాయన్నారు, ఎక్కణ్ణించీ కబురు లేదు. వాళ్ళమ్మ మాత్రం వీధిలో సైకిలు బెల్లు వినపడితే చాలు, చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది.

అలాంటప్పుడు మా రేవులో షూటింగు పెట్టారు. హీరోయిన్ పడవ దిగి మెట్లెక్కి వస్తుంటే, నెత్తిన చేపల తట్టతో ఒక అమ్మాయి ఎదురుపడి ఏదో ఒక్క మాట చెప్పాలి. దానికి మా అక్కని తీసుకున్నారు. పేటంతా ముచ్చటపడిపోయింది. కొందరికి కళ్ళు కుట్టాయి కూడా. అక్క ఆశ వేరు.

"అన్నయ్య ఎక్కడున్నా సినిమా చూడకుండా ఉండడే. తెర మీద నా మొహం చూశాడంటే ఇంక ఆగలేడు, వచ్చేస్తాడు" అంది నాతో. వాళ్ళమ్మకీ అదే చెప్పింది. ఎన్నాళ్ళకో ఆవిడ ఆ పూట కడుపునిండా అన్నం తిందట.

ఒక్కతే వెళ్ళడానికి సిగ్గేసి అక్క నన్ను వెంటబెట్టుకెళ్ళింది. మధ్యాహ్నం తీస్తామన్నది హీరోయిన్ గారు రాక సాయంత్రమైంది. కెమెరామెన్ మాటిమాటికీ అక్క మొహం దగ్గర లైటు మీటరు పెట్టి చూసి విసుక్కుంటున్నాడు. ఆయన దగ్గర ఫోకస్ చూసే పెద్దాయన ఒకరున్నారు. మాట మన వైపుదే. ఆయన కెమెరా నుంచి అక్క కంటి దాకా టేపు పట్టి కొలిచి, ఆమె నిలబడ్డ చోట సుద్దతో గీత గీశారు. గీత ఎందుకండీ అని అక్క అడిగితే, పసిపిల్లలకి చెప్పినంత ఓపిగ్గా చెప్పారు.

"ఎండుంటే లెన్సు కన్ను చిన్నగా పెట్టుకుంటామమ్మా. నువ్వు నాలుగడుగులు అటూ ఇటూ అయినా మొహం బాగానే వస్తుంది. ఇప్పుడు వెలుతురు లేదు కదా, కన్ను పూర్తిగా తెరవాలి. అంత తెరిచాక నువ్వు జానెడు జరిగినా మొహం అలికేసినట్టు అయిపోద్ది. గీత మీంచి కదలకే తల్లీ."

అక్క బుద్ధిగా తలూపింది. హీరోయిన్ బదులు ఒక కుర్రాణ్ణి నడిపించి చూసుకున్నప్పుడు రాయిలా నిలబడింది కూడా.

తర్వాత నిజంగా ఆవిడే వచ్చింది. తెల్లటి పట్టుచీర, సెంటు వాసన. మెట్లెక్కి దగ్గరికి రాగానే మా అక్క ఒక్క అడుగు వెనక్కి వేసి, అప్పుడు మాట చెప్పింది. భయపడి కాదు. తట్ట నెత్తిన ఉందంటే, మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళు ఎదురైతే చేపల నీళ్ళు వాళ్ళ మీద పడకుండా వెనక్కి జరగడం మా ఆడవాళ్ళకి నడకతోపాటు వచ్చేస్తుంది. ఎవరూ నేర్పరు, జరగకపోతే మాత్రం తిడతారు. ఆ తట్టలో ఆ రోజు చేపలే లేవు, గడ్డి పెట్టి పైన గోనెపట్టా కప్పారు. కాళ్ళకి ఆ సంగతి తెలియదుగా.

డైరెక్టరు బాగుందన్నాడు. ఫోకస్ చూసే ఆయన ఇంకోసారి తీద్దామని బతిమాలారు. కెమెరామెన్ మీటరు చూసి, ఇంక వెలుతురు చాలదని తల అడ్డంగా ఊపాడు. మర్నాడు వాళ్ళ మకాం మరో ఊరికి.

పొద్దున్నే మేం రేవులో గిన్నెలు తోముతుంటే ఆ ఫోకస్ పెద్దాయన వెతుక్కుంటూ వచ్చారు. రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. మెట్టు మీద కూర్చుని, "కదిలావమ్మా. నేనూ ఫోకస్ తిప్పి చూశాను గానీ అందలేదు. తెర మీద ఉంటావు, ఎవరో మాత్రం తెలియదు. ఆశ పెట్టుకోకని చెప్పిపోదామని వచ్చాను" అన్నారు. అక్క ఏడవలేదు. "మాట వినపడుద్దాండీ?" అని అడిగింది. గొంతు మద్రాసులో వేరే అమ్మాయి చేత చెప్పిస్తారని ఆయన తల వంచుకుని చెప్పారు. ఆయన వెళ్ళాక, "అమ్మతో అనకే" అంది అక్క నాతో. నేను అనలేదు.

సినిమా వచ్చేసరికి వానాకాలమైంది. రాజమండ్రిలో హాలుకి పేటంతా కట్టగట్టుకుని వెళ్ళాం. నాకు ఒక పక్కన అక్క, ఆ పక్కన వాళ్ళమ్మ. రేవు వచ్చింది, హీరోయిన్ వచ్చింది. ఆవిడ భుజం పక్కన తట్ట కింద తెల్లగా ఏదో చెమ్మ మరకలాంటిది కదిలి, ఎవరిదో గొంతుతో మాట్లాడి పోయింది. మా వాళ్ళు ఈల వేద్దామని నోట్లో వేళ్ళు పెట్టుకుని అలాగే ఉండిపోయారు. కాసేపటికి వాళ్ళమ్మ అడిగింది, "నీదింకా రాలేదేంటే?" అని.

"తీసేశారేమోనమ్మా" అంది అక్క.

ఆ పెద్దాయన చెప్పింది కెమెరా లెక్కే గానీ నాకు అది మనుషుల లెక్కలాగే అనిపిస్తుంది. వెలుతురున్న బతుకుల్లో నాలుగడుగులు తప్పు వేసినా చెల్లిపోతుంది. మా పేటలో జానెడు కూడా చెల్లలేదు. ఇది మారుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు, ఇన్నేళ్ళలో మారగా నేను చూడలేదు.

అన్నయ్య రాలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడూ రాలేదు. అతను ఆ సినిమా చూడలేదని ఎవరైనా ఒట్టేసి చెబితే బాగుండుననిపిస్తుంది నాకు. ఎందుకంటే అతను చూసే ఉంటాడు. ఏ ఊళ్ళోనో, ఏ నేల టిక్కెట్టులోనో కూర్చుని, సొంత చెల్లెల్ని దాటుకుని హీరోయిన్ కేసి చూసి ఉంటాడు.