కార్డు వెనక పేరు

పోయిన వారం హార్స్లీ హిల్స్ మీది ఒక రిసార్టు నుంచి ఒక అమ్మాయి మదనపల్లెలో మా ఇంటికి వచ్చింది. చక్కని పిల్ల. చెప్పులు వాకిట్లోనే విడిచి, పెట్టిన కాఫీ వద్దనకుండా తాగి, నేను చేసిన కార్డులను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం, అంచున సూదితో పొడిచిన లేసు, పట్టుగూడు కత్తిరించి చేసిన పువ్వు, ఇవన్నీ కొండ మీదికి వచ్చేవాళ్లకు భలే నచ్చుతాయని, వింటేజ్ అంటే ఇప్పుడు జనం పడి చస్తున్నారని, నెలనెలా తీసుకుంటామని చెప్పింది. అంతా బాగానే ఉంది. ఒక కార్డు వెనక్కి తిప్పి, మూలన చిన్న అక్షరాలతో నేను రాసుకునే నా పేరు, ఊరు చూపించి, ఇది మాత్రం వద్దండీ, ఇది లేకపోతే నూరేళ్ల కిందటిది ఏ దొరల బంగళాలోనో దొరికినట్టు ఉంటుంది అంది. పేరు లేకుండా ఒక్క కార్డు కూడా ఈ గడప దాటదని చెప్పేశాను. ఆ పిల్ల వెళ్లాక మా కోడలు గ్లాసులు తీస్తూ, అంత కరాఖండిగా చెప్పకపోతే ఏం పోయిందత్తా అని గొణిగింది. ఏం పోతుందో చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి, పుంగనూరు దాకా పోవాలి.

మన ఈడు వాళ్లకు గ్రీటింగు కార్డుల సంగతి చెప్పనక్కర్లేదు. డిసెంబరు వచ్చిందంటే ఫ్యాన్సీ షాపుల ముందు పురికొసలు కట్టి, వాటికి బట్టల క్లిప్పులతో కార్డులు తగిలించేవాళ్లు, మనం గంటసేపు నిలబడి ఎంచి, చివరికి ఒకటి కొనుక్కుని, దాన్ని పుస్తకం మధ్యలో పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లం. నేను పెళ్లయి పుంగనూరు వచ్చిన రెండో ఏడు అక్కడొక ప్రింటింగ్ ప్రెస్సులో పనికి కుదిరాను. పెళ్లి కార్డులు మడవడం, కవర్లు అంటించడం, అక్షరాల మీద బంగారు రంగు పొడి చల్లి దులపడం నా పని. పేపరు కట్ చేసినప్పుడు పక్కకు పడే ముక్కలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. అంత మంచి అట్ట, అంత మంచి రంగులు, అన్నీ పొయ్యిలోకే. ప్రెస్సాయనను అడిగి వాటిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. మా పుట్టింటి వాళ్లది పెద్దపంజాణి దగ్గర పల్లె, పట్టుపురుగులు పెంచేవాళ్లు. మచ్చపడి అమ్ముడుపోని గూళ్లను మా అమ్మ నా కోసం దాచిపెట్టేది. బ్లేడుతో కోసి, లోపలి పురుగును కోళ్లకు వేసి, గూటిని ఎండబెట్టి రేకులు రేకులుగా కత్తిరిస్తే మల్లెపువ్వుకేం తీసిపోదు.

ఇప్పుడు వింటేజ్ అంటున్నారే, ఆ టీ రంగు కథ చెబితే మీరు నవ్వుతారు. ఏరుకొచ్చిన కాగితాల్లో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చబడి, ఒకటి చెమ్మ తగిలి మరకలతో ఉండేవి. అవన్నీ ఒక్క తీరుగా కనబడాలని టీలో ముంచేదాన్ని, అంతే. పాతది పాతదిగా కనబడకూడదని మేము పడిన తంటా అది. ఇప్పటి పిల్లలు కొత్త కాగితం కొని, దాన్ని పాతగా చేయడానికి అదే టీ కాచుకుంటున్నారు, నాకు మాత్రం భలే వినోదంగా ఉంటుంది.

ప్రెస్సాయన మంచివాడే, కానీ వ్యాపారి. నా కార్డులు చూసి, మదనపల్లెలో తనకు తెలిసిన ఒక ఫ్యాన్సీ షాపులో పెట్టించాడు. నాలుగు రోజుల్లో అయిపోయాయని ఇంకా చేయమన్నాడు. తీరా నేనొకసారి మదనపల్లె పోయి ఆ షాపు ముందు నిలబడితే, షాపాయన ఎవరో కాలేజీ అమ్మాయిలకు నా కార్డు చూపించి, ఇది బెంగుళూరు మాలు, ఈడ మనవాళ్ల చేతుల్లో ఇంత పనితనం యాడుండాది అని చెబుతున్నాడు. నా చెవులతో నేను విన్నాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో నా ఒళ్లు మండిపోతూనే ఉంది. మరునాడే ప్రెస్సాయనను పట్టుకుని, కార్డు వెనక నా పేరు వేయాల్సిందేనని అడిగాను. పుంగనూరు పేరు చూస్తే ఎవరూ కొనరని, బెంగుళూరు అంటేనే చెల్లుతుందని, పేరేం చేసుకుంటావమ్మా అని ఆయన నవ్వేశాడు. నేను వదిలిపెట్టలేదు. రెండేళ్ల పాటు, ఏ కార్డు కట్ట ఇచ్చినా ఆ మాట అడగకుండా ఇవ్వలేదు. ఆయనా నవ్వకుండా తీసుకోలేదు.

ఇక నేను చేసిన తప్పు దగ్గరికి వస్తాను. మా ప్రెస్సులో పెళ్లి కార్డులతో పాటు దివసాల కార్డులు కూడా వేసేవాళ్లు, అంటే ఎవరైనా పోతే పెద్దకర్మకు బంధువులను పిలిచే నల్ల అంచు కార్డులు. అవి ఇంటికి వస్తే మనవాళ్లు చదివి చించి పారేస్తారు గానీ ఇంట్లో ఉంచుకోరు. ప్రెస్సులో కూడా వాటి ముక్కలను పెళ్లి కార్డుల ముక్కల్లో కలపనిచ్చేవాళ్లు కాదు, విడిగా కట్టి పెరట్లో కాల్చేయాలి. ఆ ఏడు డిసెంబరులో ఒక పెద్ద కుటుంబం వాళ్ల దివసాల కార్డుల్లో ఒక అల్లుడి పేరు జారిపోయిందని పెద్ద రాద్ధాంతమై, మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది. పాత కట్ట మూలన పడి ఉంది. మందమైన అట్ట, ఒకవైపంతా తెల్లగా ఉంది. నా దగ్గరేమో కార్డు నిలబడటానికి లోపల పెట్టే అట్ట అయిపోయింది. ఆ కట్టలోంచి కొన్ని తీసుకున్నాను. తెలియక కాదు, తెలిసే తీసుకున్నాను. కాగితానికి మైల ఏమిటి, అచ్చు వేసిన వైపు లోపలికి పెట్టి రెండు పొరల మధ్య అంటిస్తే ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. కాగితానికి మైల లేదని ఇవాళ కూడా అంటాను. కానీ ఆ మాట నా ఇంట్లో నేను అనుకోవాలి గానీ, ఇంకొకరి ఇంటి తరఫున నేను తేల్చేయడానికి నాకేం హక్కుంది?

నేను పొరలు అంటించేది మైదా గంజితో, అది చెమ్మకు నిలబడదు. ఆ జనవరిలో మంచు బాగా కురిసింది. కుప్పంలో ఒక రైతు కుటుంబంలోని పెద్దామె, పురిటికి వచ్చిన కూతురికి కొత్త సంవత్సరమని మదనపల్లెలో ఆ కార్డు కొని ఇచ్చిందట. ఆ అమ్మాయి దాన్ని అద్దం పక్కన పెట్టుకుందట. వారానికి పొర లేచింది. లోపల నల్ల గీత, దాని కింద స్వర్గస్థులైనారు అన్న మాట. ఏడో నెల గర్భిణి ఆ మాట చదివింది. పెద్దామె తమ్ముడు బస్సెక్కి మదనపల్లె వచ్చి షాపాయన కాలరు పట్టుకున్నంత పని చేస్తే, మాదేముందప్పా, బెంగుళూరు నుంచి వచ్చిన మాలు అని ఆయన తప్పించుకున్నాడు. ఆ చినిగిన కార్డు షాపు నుంచి ప్రెస్సుకు, ప్రెస్సు నుంచి నా ముందుకు వచ్చింది.

ప్రెస్సాయన నన్ను తిట్టలేదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "మన పేరు యాడా లేదు గదమ్మా, బెంగుళూరోళ్లు అనుకుంటారు, నువ్వు గమ్మునుండు" అన్నాడు. ఆయన నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. రెండేళ్లుగా నా పేరు, నా పేరు అని ప్రాణం తీసిన దాన్ని, తిట్లు వచ్చే రోజున పేరు లేకపోవడమే మేలని మూలన దాక్కుంటే, ఇక జన్మలో ఆ మాట అడిగే ముఖం నాకుంటుందా? పొగడ్తకైతే నాది, తిట్లకైతే బెంగుళూరుదా? ఆపైన ఆ గర్భిణి గుర్తుకొచ్చింది. నాకూ అప్పటికి చంకలో బిడ్డ ఉంది, ఆ నెలల్లో చిన్న మాటకు కూడా మనసు ఎలా బెదురుతుందో నాకు తెలియని సంగతి కాదు.

మా ఆయనకు చెబితే, తన్నినా తంతారు, నేనూ వస్తానన్నాడు. వద్దన్నాను. బిడ్డను మా అత్తగారికి అప్పజెప్పి, పలమనేరు పోయి, అక్కడ బస్సు మారి, వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను, దిగాక ఒక్కటీ గుర్తు లేదు. షాపులో ఆ తమ్ముడు చెప్పిపోయిన గుర్తు పట్టుకుని మల్బరీ తోట ఇల్లని అడిగితే ఎవరో చూపించారు. పెద్దామె పంచలో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది, కూతురు స్తంభానికి ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. నేను సంచిలోంచి ఆ చినిగిన కార్డు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"ఇది బెంగుళూరుది కాదమ్మా. నేనే సేసినా. ఆ కాగితం కూడా తెలిసే పెట్టినా" అన్నాను.

తర్వాత ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, రాసినా పత్రికల వాళ్లు వేయరు. కత్తిపీట పక్కకు తోసి లేచి నిలబడి తిట్టింది. నా పుట్టింటిని, మెట్టినింటిని, నాకు అక్షరాలు నేర్పిన అయ్యవారిని, ఎవరినీ వదలలేదు. మధ్యలో కూతురు వద్దమ్మా అంటే ఆమెనూ కసిరింది. నేను తల దించుకోలేదు. ఆమె అలసిపోయి కూర్చున్నాక, "తెలిసే పెట్టినదానివి, మళ్లా యాల వస్తివి? ఎవురూ నిన్ను పట్టుకోలేదు గదా" అంది. నేను చేసింది కాబట్టి వచ్చాను అన్నాను.

ఆమె లోపలికి పోయింది. మగవాళ్లను పిలవడానికేమో అనుకున్నాను. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది, కాసేపటికి చేతిలో ఒక పెళ్లి కార్డుతో వచ్చింది. ఆ కూతురి పెళ్లిదే, మిగిలినవి దాచిపెట్టుకున్నారు, నాలుగు మూలలా పెట్టిన పసుపు ఇంకా అలాగే ఉంది. దీన్ని లోపల పెట్టి ఇంకో కార్డు ఇక్కడే, తన కళ్ల ముందే చేయమంది. నా సంచిలో కత్తెర, సూది ఎప్పుడూ ఉండేవి. వాళ్ల పొయ్యి మీదే మైదా గంజి కాచాను, వాళ్ల గూళ్లలోంచే పువ్వు కత్తిరించాను. కార్డు మీది స్వామి బొమ్మ దగ్గరికి కత్తెర వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది, బొమ్మ చుట్టూ తిప్పి కత్తిరించాక గానీ వదలలేదు. ప్రతి పొరా రెండు వైపులా తిప్పి చూశాకే అంటించనిచ్చింది.

పూర్తయ్యాక కూతురి చేతికి ఇచ్చాను. ఆ అమ్మాయి పువ్వు మీద వేలు పెట్టి నవ్వింది. హమ్మయ్య అనుకుని సంచి సర్దుకుంటుంటే, పెద్దామె ఆ కార్డు లాక్కుని, వెనక్కి తిప్పి నా ముందు పెట్టింది.

"పేరు రాయి. ఊరు గూడా రాయి. రేపు ఇది మళ్లా లేసి వస్తే నేను ఎవురిని తిట్టల్ల?"

రెండేళ్లు కొట్లాడినా దొరకనిది అలా దొరికింది. రాశాను. నా పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు, వాటికి నేను ఎంతసేపు తీసుకున్నానో. పెద్దామె తలకాయ వంచి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుని, మజ్జిగ తాగి పొమ్మంది.

ఆ అమ్మాయికి సుఖంగానే కాన్పయింది, ఆడపిల్ల. తొట్టెలలో వేసే రోజుకు కార్డులు కావాలని పెద్దామె మనిషిని పంపింది, వెనక పేరు మరిచిపోవద్దని కూడా చెప్పి పంపింది. ప్రెస్సాయనకు మాత్రం నా మీద కోపం చాలాకాలం పోలేదు. పేరుంటేనే కార్డు ఇస్తానన్నాను, పేరుంటే అక్కర్లేదన్నాడు షాపాయన, అయితే నాకూ మీరు అక్కర్లేదన్నాను నేను. ప్రెస్సు మానేశాను. తర్వాత ఎన్నో ఏళ్లు బడుల చుట్టూ, పుస్తకాల షాపుల చుట్టూ సంచి పట్టుకుని తిరిగాను. కొన్నవాళ్లు కొన్నారు, వెనక పుంగనూరు అన్న మాట చూసి పెదవి విరిచిన వాళ్లూ ఉన్నారు. విరవనీ, ఎవరి పెదవి వాళ్లది. కాపురం మదనపల్లెకు మారాక వెనక ఊరి పేరు ఒక్కటే మారింది.

ఈ మధ్య శాంతిపురం నుంచి ఒకాయన ఫోను చేశాడు. కూతురి నిశ్చితార్థానికి నా దగ్గర తీసుకున్న కాగితం పెట్టె మీద పువ్వు ఊడిపోయిందట. ఏమ్మా, ఇదేం పని, ఇంత వయసొచ్చింది, అంటించేది తెలీదా అని చాలాసేపు కడిగేశాడు. ఫోను పెట్టేశాక ఆ రోజంతా నేను పాటలు పాడుకుంటూ తిరిగాను, మా కోడలు నాకేదో అయిందనుకుంది. దానికేం తెలుసు? ఇప్పుడు ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో ఏది ఎవరు చేశారో మనకు తెలియదు, పగిలితే పారేస్తాం, ఫోను చేస్తే అవతల మిషను మాట్లాడుతుంది. కోపం వచ్చినా దాన్ని ఎక్కడ దించాలో తెలియక మనలోనే ఉడికిపోతాం. కార్డు ముక్క పట్టుకుని ఊరు దాటి బస్సెక్కి వచ్చి కాలరు పట్టుకునే మనుషులు పోయారు, కత్తిపీట పక్కకు తోసి లేచి నిలబడే పెద్దామెలు పోయారు. నేనింకా ఉన్నాను. నా చేతి పనిలో తప్పుంటే నన్ను తిట్టడానికి మీరు ఎవరినీ వెతుక్కోనక్కర్లేదు, మదనపల్లెలో ఇంట్లోనే ఉంటాను, రండి.