ఇబ్రహీంపట్నం కంటే అవనిగడ్డ దగ్గరైన మంగళవారం

ఈ సంఘటనను ఇప్పటికి నాలుగు రకాలుగా విన్నాను. మా ఆసుపత్రి రిటైర్డ్ ఉద్యోగులు కలుసుకున్నప్పుడు ఒకాయన, కంప్యూటరుకు పంచాంగం నేర్పింది మీరేనని నా ముఖం మీదే చెప్పాడు. కంప్యూటరు జాతకాలు చూసి కిడ్నీలు పంచేదని మరో ప్రచారం ఉంది. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం అవసరమనిపించింది.

నా పేరు మేరీ రత్నకుమారి. గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రికార్డుల గుమాస్తాగా చేరి, చివరి పదేళ్లు అవయవ మార్పిడి సమన్వయకర్తగా పనిచేశాను. నా ఉద్యోగ విరమణకు పద్నాలుగు నెలల ముందు, కిడ్నీ గ్రహీతల వరుసను సూచించే కొత్త సాఫ్ట్‌వేర్‌ను ప్రయోగాత్మకంగా నడిపే బాధ్యత నాకు అప్పగించారు.

ముందు పద్ధతి చెప్పాలి. బ్రెయిన్ డెడ్ అయిన దాత కుటుంబం అంగీకరించాక, మా ఆసుపత్రి వాటాకు వచ్చే ఒక్క కిడ్నీకి, రక్తం గ్రూపు, కణజాల పోలిక, ఎదురుచూసిన కాలం చూసి డాక్టర్ల కమిటీ ఒక వరుస వేస్తుంది. మొదటి ఇద్దరిని మాత్రమే పిలుస్తాం: ఒకరు అసలు, ఇంకొకరు స్టాండ్‌బై. ఇద్దరి రక్తాన్నీ దాత కణాలతో కలిపి సరిపడుతుందో లేదో చూస్తారు. దీన్ని క్రాస్‌మ్యాచ్ అంటారు. తీసిన కిడ్నీ ఐసుపెట్టెలో ఎక్కువసేపు ఉండకూడదు. అందుకని పిలిచినవాళ్లు రెండున్నర గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. ఎవరు సమయానికి వస్తారో, ఎవరు రారో కొత్త సాఫ్ట్‌వేర్ అంచనా వేసి, కమిటీ వరుసను కాస్త సర్దుతుంది.

ఇది మెషీన్ లెర్నింగ్ అని చెప్పిన సాయంత్రమే శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఆ విషయం మీద ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, మూడుసార్లు గడువు పొడిగించుకుని చదివాను. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. యంత్రానికి నియమాలు చెప్పరు. పాత రికార్డులు చూపిస్తారు. వాటిలోని పోకడను అదే పట్టుకుని, రేపు ఏం జరుగుతుందో చెబుతుంది. ఎందుకు జరుగుతుందో మాత్రం దానికి తెలియదు. మార్పిడికైనా, పరీక్షలకైనా నేను తొమ్మిదేళ్లుగా చేసిన ప్రతి ఫోనూ రిజిస్టర్లలో ఉంది. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఊరికి, ఎప్పుడు చేరారు, ఆలస్యమైతే కారణం ఏమిటి, అన్నీ. వాటినే యంత్రానికి చూపించారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం అంగీకార పత్రాలు పూర్తయ్యేసరికి మూడు గంటల ఐదు నిమిషాలయింది. కమిటీ వరుసలో మొదటి పేరు ఆంజనేయులు గారిది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో టర్బైన్ ఆపరేటర్. పదహారు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఈమధ్య ఆయన గుండె బలహీనపడుతోందని, ఇంకొన్ని నెలలు గడిస్తే ఆపరేషనుకే పనికిరారని డాక్టర్లు రాశారు. రెండో పేరు బందరు ఆయనది, మూడోది అవనిగడ్డ ఆయనది. ఈ వరుసను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది ఆంజనేయులు గారిని మూడో స్థానానికి దింపింది. కారణం గడిలో ‘ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ’ అని వచ్చింది.

ఇబ్రహీంపట్నం అరగంట దారి. అవనిగడ్డ దాదాపు రెండు గంటలు.

సాఫ్ట్‌వేర్ తెచ్చిన కార్తీక్ అనే ఇంజినీరు పక్కనే ఉన్నాడు. పొరపాటేమోనని మళ్లీ నొక్కమన్నాను. నొక్కాడు. మళ్లీ అదే.

“మోడల్ ఏదో పట్టుకుంది మేడం. ఏం పట్టుకుందో నాకూ తెలీట్లేదు” అన్నాడు.

“నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది నాయనా? దాన్ని తెచ్చింది నువ్వే కదా.”

“తెచ్చాను గానీ మేడం, అది నాకేం చెప్పదు.”

కమిటీ అధ్యక్షులు, కిడ్నీ వైద్యులు డాక్టర్ శేషగిరిరావు గారు మరో ఇద్దరు సభ్యులతో వచ్చారు. యంత్రం ఏయే వేళల్లో దగ్గరివాళ్లను కిందికి దింపుతోందో బొమ్మ గీసి చూపించమని నేను కార్తీక్‌ను అడిగాను. అలా అడగవచ్చని ఆ పుస్తకంలోనే చదివాను. అతను వారంలోని రోజులు ఒకవైపు, గంటలు ఒకవైపు వేసి తెరమీద పెట్టాడు. రోజుకొకటి చొప్పున ఏడు నల్లటి మచ్చలు, ఒక్కొక్కటి గంటన్నర పొడవు. సోమవారం ఏడున్నర, మంగళవారం మూడు, బుధవారం పన్నెండు, గురువారం ఒకటిన్నర.

మా ఇంట్లో పంచాంగం ఉండదు. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం మాది. కానీ అంతకు ఏడాది ముందు ముహూర్తాల మీద ఒక తెలుగు పుస్తకం కూడా అదే గ్రంథాలయంలో చదివి ఉన్నాను. పట్టిక చూడగానే, “సార్, ఇది రాహుకాలం” అన్నాను.

డాక్టరు గారు గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్లలేదు. “శుక్రవారం పదిన్నర, శనివారం తొమ్మిది, ఆదివారం నాలుగున్నర” అని కళ్లు మూసుకుని అప్పజెప్పి, తెరతో సరిచూసుకున్నారు. తర్వాత, “నాకేం నమ్మకం లేదమ్మా. మా ఆవిడకుంది” అన్నారు.

అప్పుడు అంతా తేటపడింది. రాహుకాలంలో నేను ఫోన్ చేస్తే దూరం ఊళ్లవాళ్లు చేసేదేమీ లేక వెంటనే కదులుతారు. దగ్గరివాళ్లు, అరగంట దారే కదా, అది వెళ్లాక బయలుదేరదాం అనుకుంటారు. తీరా బయలుదేరితే దారి నిండా బస్సులూ ఆటోలూ. పైగా నా పేరు మేరీ కనుక ఆ సంగతి నాతో చెప్పడానికి మొహమాటపడి, ఆటో దొరకలేదనీ, బావమరిది రావాలనీ చెప్పేవారు. చెప్పింది చెప్పినట్టు రిజిస్టరులో రాసుకున్నాను. తొమ్మిదేళ్లు.

“అయితే ఆంజనేయులు హేతువాది కదా” అన్నారు డాక్టరు గారు. నిజమే. డయాలసిస్ మంచం మీద పడుకుని పక్క మంచాలవాళ్ల తాయెత్తుల గురించి ఉపన్యాసాలివ్వడం ఆయన అలవాటు. ఇద్దరు మంచాలు మార్పించుకున్నారు కూడా. “ఆ ముక్క దానికి చెప్పు బాబూ.”

“ఫారంలో ఆ కాలమ్ లేదు సార్” అన్నాడు కార్తీక్.

యంత్రం వరుసను కాదంటే కారణం మినిట్స్ పుస్తకంలో రాయాలని నియమం. డాక్టరు గారు చెప్పారు, నేను రాశాను: ‘రోగికి రాహుకాలంపై నమ్మకం లేదు. కావున కమిటీ వరుసనే పాటించడమైనది.’ ముగ్గురు సభ్యులు సంతకాలు చేశారు. అప్పటికి మూడూ పదిహేను.

బందరు ఫోన్ ఒక్క నిమిషంలో ముగిసింది. తర్వాత ఆంజనేయులు గారికి చేశాను.

“ఇదిగో బయలుదేరుతున్నానండీ” అన్నారు.

ఆ మాటను తొమ్మిదేళ్లుగా వింటున్నాను. “ఆంజనేయులు గారూ, ఇప్పుడు రాహుకాలమట” అన్నాను, కాస్త భయంగానే.

“తెలుసు. ఇందాకే మా ఆవిడ చెప్పింది. అందుకే ఇంకో రెండు నిమిషాలు ముందే కదుల్తున్నా.”

వెనకనుంచి ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు ఫోన్ లాక్కున్నారు. ఆమె శనివారం గోరు కూడా తీయరని ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. ఇక నాలుగున్నర దాటాకే కదులుతారనుకున్నాను. ఆమె, “ఆయన్తో మాటలు పెట్టుకోకండమ్మా, ఆలస్యమవుద్ది. వచ్చేస్తన్నాం” అని పెట్టేశారు.

మూడు యాభై ఐదుకు ఇద్దరూ నా బల్ల ముందున్నారు. చేతిలో పూర్తిగా సర్దిన సంచి: ఫైలు, లుంగీలు, తువ్వాళ్లు, మందుల చీటీలు. అంత త్వరగా అంత సిద్ధంగా వచ్చినవాళ్లను నా సర్వీసులో చూడలేదు. క్రాస్‌మ్యాచ్‌కు ఆయన్ని రక్తం తీసే గదిలోకి పంపుతూ ఆగలేక అడిగాను, ఇవాళ ఈ వేళలో ఆమె ఎలా గడప దాటారని.

“మేం ఇవాళ బయల్దేరలేదమ్మా. పేరు రాయించుకున్న వారమే బయల్దేరాం” అన్నారామె. “దశమినాడు మంచి ఘడియ చూసి ఈ సంచి పక్కింటి ధనలక్ష్మి గారింట్లో పెట్టించా. ప్రస్థానం. ఇంక ఎప్పుడు కదిలినా దోషం లేదు.”

మంచి వేళలో ఒక వస్తువును గడప దాటించి వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టేనని ఆచారం. నేను చదివిన ముహూర్తాల పుస్తకంలో ఆ పుటలు చిరిగిపోయి ఉన్నాయి.

ఆంజనేయులు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. “ఎలకలున్నాయని పక్కింట్లో పెట్టానన్నావు కదే?”

“ఉన్నాయేమోలెండి.”

“పదహారు నెల్లు బోను పెట్టా. ఒక్క ఎలకా పడలా. నా పద్ధతిలోనే లోపం ఉందేమోనని బోను మార్చా. రోజుకో చోట పెట్టి, ఎక్కడ పెట్టానో పుస్తకంలో రాశా.”

“మీరు రాసుకుంటుంటే నేనెందుకు అడ్డం రావాలి?”

“అంటే దారిలో ఉండే రోజూ డ్యూటీకెళ్లొచ్చానన్నమాట.”

“ముందు రక్తం ఇచ్చిరండి.”

బందరు ఆయన ఐదున్నరకు ఐదు నిమిషాల ముందు చేరారు. ఆంజనేయులు గారి క్రాస్‌మ్యాచ్ సరిపడింది. స్టాండ్‌బైకు పరిస్థితి వివరించి, కాఫీ ఇప్పించి, ఆయన స్థానం వరుసలో అలాగే ఉందని కాగితం మీద రాసిచ్చి పంపడం కూడా నా పనే. చేశాను. ఆపరేషను పూర్తయింది. కిడ్నీ పనిచేసింది. ఇప్పటికీ పనిచేస్తోంది.

ఆ తర్వాత కార్తీక్ సాఫ్ట్‌వేర్‌ను సవరించాడు. రాహుకాలాన్ని తీసివేయలేదు. గ్రహీతల ఫారంలో ‘పిలుపు వస్తే వెంటనే బయలుదేరడానికి ఇంట్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటుందా’ అనే ప్రశ్న చేర్పించాం. ‘సంచి సర్ది పక్క ఇంట్లో ఉంచవలెను’ అని సూచనల పత్రంలో మరో వాక్యం చేరింది. కారణం రాయలేదు. తర్వాత వచ్చిన ఆరోగ్యశాఖ తనిఖీ బృందం దాన్ని మంచి పద్ధతిగా మెచ్చుకుంది.

నేను నేర్చుకున్నది ఇంతే. యంత్రం అబద్ధం చెప్పలేదు. మా రిజిస్టరులో సమయాలు నిజం, కారణాలు మర్యాద. అది సమయాలనే చదివింది. అయితే అది చెప్పింది ఊళ్లో పదిమంది సంగతి. ఒక మనిషి పేరును వరుసలో కిందికి దింపేముందు, ఆ మనిషికి ఫోన్ చేసి అడగాలి. వీలైతే ఆయన భార్యను కూడా అడగాలి.

కృతజ్ఞతలు: మినిట్స్‌లో ఆ వాక్యం రాయించి, నేటికీ వెనక్కు తీసుకోని డాక్టర్ శేషగిరిరావు గారికి. అడిగిన వెంటనే బొమ్మ గీసిన కార్తీక్‌కు. మూడుసార్లు గడువు పొడిగించిన గ్రంథపాలకురాలు విజయకుమారి గారికి. అసలు పేర్లే రాయమన్న ఆంజనేయులు, సీతామహాలక్ష్మి దంపతులకు. ధనలక్ష్మి గారికి ప్రత్యేకంగా. డయాలసిస్‌లో పరిచయమైనవాళ్లు ఇచ్చిన మరో రెండు సంచులు ఇప్పుడు ఆమె బీరువా పక్కన ఉన్నాయట. ప్రస్థానం చెడుతుందేమోనని, ఊడ్చేటప్పుడు కూడా వాటిని ఆమె పక్కకు జరపడం లేదని సీతామహాలక్ష్మి గారు చెప్పారు.